పక్కన కట్టడాలు లేస్తుంటే అడవిని కాపాడుకోవడం ఎలా

అడవి పక్కన నిర్మాణం వస్తోందనగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఎన్ని చెట్లు కొడతారు? ఒక్కటి కూడా కొట్టం అనగానే సగం మంది ఊరుకుంటారు. కానీ ఒక్క కొమ్మ నరక్కుండానే అడవిని కొన్నేళ్లలో ఎండబెట్టవచ్చు. వేళ్ల మీద లారీలు తిరిగితే నేల గట్టిపడి వేళ్లకు గాలి అందదు. మెరక నుంచి వచ్చే వాననీటిని పక్కకు మళ్లిస్తే పల్లంలోని మొక్కలు మాడతాయి. అదే పైకప్పుల నీళ్లన్నీ తెచ్చి అడవిలో వదిలితే వేళ్లు కుళ్లుతాయి. ఇళ్లలోకి జనం దిగాక చెత్త, పెంపుడు కుక్కలు, కొత్త కాలిబాటలు వస్తాయి. ఆ వెనకే "ఈ కొమ్మ మా మేడ మీదికి వస్తోంది, కొట్టేయండి" అనే అర్జీలూ వస్తాయి.

వీటిలో ప్రతిదానికీ ఒక ఉపాయం ఉంది. అయితే కాపలా అక్కర్లేని రక్షణ దూరం ఒక్కటే. కంచెను రోజూ ఎవరో ఒకరు చూసుకోవాలి, మట్టినీటిని ఆపే తెరను వాన పడ్డప్పుడల్లా సరిచేయాలి, షరతును ఎవరో వెంటపడి అమలు చేయించాలి. కట్టడమే 30 మీటర్లు వెనక్కి జరిగితే ఈ పనుల్లో చాలా భాగం పుట్టనే పుట్టవు. కాబట్టి మీ ఓపికను, పలుకుబడిని ముందు దూరం మీద ఖర్చు పెట్టండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

హద్దు ఎక్కడ, బఫర్ ఎంత

ప్లాన్‌లో అడవి అంచు ఒక పచ్చ గీత. మొదటి తగాదా ఆ గీత దగ్గరే వస్తుంది. కొందరు దాన్ని మానుల వెంట గీస్తారు, కొందరు కొమ్మల చివర్ల వెంట. పెద్ద చెట్లున్న చోట ఈ రెండింటికీ 5 నుంచి 10 మీటర్ల తేడా వస్తుంది. బఫర్‌ను, అంటే అడవికీ కట్టడానికీ మధ్య ఖాళీగా వదిలే పట్టీని, కొమ్మల చివరి నుంచి బయటివైపుకు కొలవాలని పట్టుబట్టండి. ఆ మాట రాతలోనూ ఉండాలి, ప్లాన్ మీద కొలతతో సహా ఉండాలి.

ఫోన్ జీపీఎస్‌ను నమ్మి హద్దు తేల్చకండి. ఆకుల గుబురు కింద అది 5, 10 మీటర్లు అటూఇటూ పోవడం మామూలే, బఫర్ మొత్తం అంతే ఉన్న చోట ఆ తప్పుకే సరిపోతుంది. కదలని గుర్తులు రెండు ఎంచుకోండి: కల్వర్టు మూల, పెద్ద బండ, పాత సర్వే రాయి లాంటివి. ఆ రెండింటి నుంచీ హద్దులోని ప్రతి మూలకూ టేపుతో దూరం కొలిచి రాసుకోండి. రేపు హద్దురాయి మాయమైనా (మాయమవడం కొత్తేమీ కాదు) రెండు టేపులు కలిసే చోటే మళ్లీ రాయి పాతుకోవచ్చు.

ఇంగ్లండ్‌లో ప్రాచీన వనాల విషయంలో ప్రభుత్వ సలహా కనీసం 15 మీటర్ల బఫర్. అది ప్రధానంగా వేళ్లను కాపాడే దూరం. కట్టేవాళ్లు ఈ కనీసాన్నే గరిష్ఠంగా తీసుకుంటారు. వెలుతురు, దుమ్ము, చప్పుడు, పిల్లులు 15 మీటర్ల దగ్గర ఆగవు. ఇళ్లు వస్తుంటే 30 మీటర్లు అడగండి. అడవిలో చిత్తడి నేలలుంటే, లేదా నిర్మాణం ఎగువన ఉంటే 50 మీటర్లకు తగ్గకండి. ఎంత దూరం దక్కినా దాని లోపల రోడ్డు, సెప్టిక్ ట్యాంకు, పార్కింగ్, ఆటస్థలం, ఇంటి పెరడు ఏవీ ఉండకూడదు. "బఫర్‌లో వాకింగ్ ట్రాక్ వేసి అందంగా తీర్చిదిద్దుతాం" అన్న ప్రతిపాదన తరచూ వస్తుంది. ఒప్పుకుంటే అది బఫర్‌గా మిగలదు, అడవి అంచున ఒక పార్కు అవుతుంది.

అడవి మధ్యలోంచి రోడ్డు ప్రతిపాదిస్తే విస్తీర్ణంతో కాకుండా లోపలి అడవి లెక్కతో జవాబు చెప్పండి. అంచున ఎండ, వడగాలి, కలుపు ఎక్కువ. బ్రెజిల్‌లో మనౌస్ దగ్గర 1979లో మొదలైన అడవి ముక్కల అధ్యయనంలో, అంచు నుంచి 100 మీటర్ల లోపు పెద్ద చెట్లు లోపలి వాటికంటే త్వరగా చనిపోతున్నాయని తేలింది. మనం తక్కువలో తక్కువగా 50 మీటర్లే అంచు అనుకుని లెక్క వేద్దాం. 10 హెక్టార్ల చతురస్రపు అడవికి ఒక్కో వైపు 316 మీటర్లు. నాలుగు వైపులా 50 మీటర్లు తీసేస్తే మధ్యలో 216 మీటర్ల చతురస్రం, అంటే 4.7 హెక్టార్ల లోపలి అడవి మిగులుతుంది. ఇప్పుడు దీని మధ్యలోంచి 10 మీటర్ల వెడల్పు రోడ్డు వేశారనుకోండి. రోడ్డు తినేది 0.32 హెక్టారే. కానీ దానికి రెండు పక్కలా కొత్త అంచులు పుడతాయి కాబట్టి లోపలి అడవి 2.3 హెక్టార్లకు పడిపోతుంది. "మేం తీసుకునేది 3 శాతమే" అన్న వాదనకు ఈ ఒక్క బొమ్మ చాలు. మీ అడవి ఆకారానికి గ్రాఫు కాగితం మీద మీరే వేసుకోవచ్చు.

వేళ్ల లెక్క

పైన చెట్టు ఎంత ఎత్తుందో కింద వేరు అంత లోతు ఉంటుందనుకుంటారు చాలామంది. నీళ్లు, పోషకాలు పీల్చే సన్న వేళ్లలో అధిక భాగం నేల పైపొర 60 సెంటీమీటర్లలోనే ఉంటుంది. అవి కొమ్మల చివర్లు దాటి పక్కలకు పోతాయి. అందుకే 40 సెంటీమీటర్ల లోతు కేబుల్ గొయ్యి కూడా చెట్టుకు పెద్ద దెబ్బే.

ఎంత వృత్తాన్ని కాపాడాలో తేల్చడానికి బ్రిటిష్ ప్రమాణం బి.ఎస్. 5837, 2012 నాటి కూర్పు, ఒక సులువైన సూత్రం ఇస్తుంది: నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున మాను వ్యాసం కొలిచి 12తో గుణించండి. వచ్చేది వేళ్ల రక్షణ వృత్తపు వ్యాసార్ధం. గరిష్ఠంగా 15 మీటర్లు. చేతిలో ఉండేది మామూలు టేపు కాబట్టి చుట్టుకొలత తీసుకుని 3.82తో గుణించినా అదే వస్తుంది. చుట్టుకొలత 94 సెంటీమీటర్లుంటే వ్యాసార్ధం 3.6 మీటర్లు, 157 ఉంటే 6 మీటర్లు, 251 ఉంటే 9.6 మీటర్లు. నేల వాలుగా ఉంటే ఎగువ వైపు నిలబడి కొలవండి. టేపు మానుకు అడ్డంగా, బిగుతుగా ఉండాలి, తీగలను పక్కకు తీయాలి. మాను రెండు నుంచి ఐదు కాండాలుగా చీలి ఉంటే ఒక్కో కాండపు వ్యాసాన్ని వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయాలి. 30, 40 సెంటీమీటర్ల కాండాలు రెండుంటే 50 సెంటీమీటర్ల ఒక్క మానుతో సమానం.

బాగా ముసలి చెట్లకు, తొర్రలు పడ్డవాటికి ఈ సూత్రం చాలదు. వాటికి వ్యాసానికి 15 రెట్లు, లేదా కొమ్మల చివరి నుంచి 5 మీటర్లు, ఏది ఎక్కువైతే అది తీసుకోవాలని ఇంగ్లండ్ ప్రభుత్వ సలహా. ఇక్కడ 15 మీటర్ల పరిమితి కూడా లేదు. గుడ్లగూబలు, గబ్బిలాలు, తేనెటీగలు కాపురం ఉండేది ఎక్కువగా ఈ చెట్లలోనే. "తొర్రపడి ప్రమాదకరంగా ఉంది" అంటూ ముందుగా కొట్టేసేదీ వీటినే.

అంచు వెంట ఉన్న ప్రతి చెట్టుకూ నంబరు, జాతి, చుట్టుకొలత, వ్యాసార్ధం, కొమ్మల వ్యాప్తి, ఆరోగ్యం రాసి పట్టిక తయారుచేయండి. నంబరు బిళ్లను అల్యూమినియం మేకుతో, అడవివైపు ముఖాన కొట్టండి. మేకు తల బెరడు నుంచి రెండు మూడు సెంటీమీటర్లు బయటికి ఉండాలి, లేకపోతే మాను లావెక్కేకొద్దీ బిళ్లను మింగేస్తుంది.

పని మొదలవ్వకముందే తీసుకోవాల్సిన కొలతలు

ఎండిపోయిన చెట్టును చూపించి నష్టం అడిగితే "ఈ ఏడు వానలు లేవు కదా" అంటారు. దానికి జవాబు ఉండాలంటే పని మొదలవ్వకముందు కొలతలుండాలి. నిర్మాణం ప్రభావం తగలని మరో చోట అవే కొలతలు పోలిక కోసం ఉండాలి. ఆ రెండో చోటే కీలకం, చాలామంది వదిలేసేదీ అదే.

భూగర్భజలం కోసం పరిశీలన గొట్టాలు మీరే దింపుకోవచ్చు. 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపు 2 మీటర్లు తీసుకోండి. కింది మీటరు పొడవునా హ్యాక్‌సా బ్లేడుతో అడ్డంగా, రెండేసి సెంటీమీటర్లకు ఒకటి చొప్పున సన్న గాట్లు పెట్టండి. ఆ భాగానికి సన్నని నైలాన్ గుడ్డ చుట్టి కట్టండి, అడుగున మూత బిగించండి. చేతి ఆగర్‌తో రంధ్రం వేసి, పైపు 30 సెంటీమీటర్లు నేలపైకి ఉండేలా దింపండి. చుట్టూ సన్న కంకర పోయండి. నేల ఉపరితలం దగ్గర 30 సెంటీమీటర్ల మందాన మాత్రం తడి బంకమట్టి కూరాలి. ఈ బంకమట్టి బిరడా లేకపోతే వాననీరు పైపు పక్క నుంచి జారి లోపలికి చేరుతుంది, నీటిమట్టం నిజానికంటే పైకి కనబడుతుంది. కొలత ఎప్పుడూ పైపు నోటి నుంచి తీసి, బయటికున్న 30 సెంటీమీటర్లు తీసేయండి. ఒక గొట్టం నిర్మాణం వైపు అంచున, ఒకటి అడవి మధ్యలో, ఒకటి అవతలి వైపున ఉండాలి. పదిహేను రోజులకోసారి చూడండి. కనీసం ఒక వానకాలం, ఒక ఎండకాలం పూర్తిగా నమోదు కావాలి.

ఫోటోలకు కూడా స్థిరమైన చోట్లు కావాలి. రాతి స్తంభమో ఇనుప గొట్టమో పాతి, దాని తల మీదే కెమెరా పెట్టి, దిక్సూచి డిగ్రీ రాసుకుని, జూమ్ చేయకుండా తీయండి. పైకి చూస్తూ ఆకుల కప్పు ఫోటో కూడా అక్కడే ఒకటి. ఆకురాలే కాలంలో తీసినదాన్ని చిగుళ్ల కాలంలో తీసినదానితో పోల్చి పెట్టే పేచీలు ఎక్కువ, కాబట్టి ప్రతి ఏడూ అదే నెలలో తీయండి.

జీవజాతుల సర్వే ఒక్క వారంలో ముగించి ఇచ్చే నివేదికలను ఒప్పుకోకండి. గూళ్లు కట్టే కాలం, వలస కాలం, వానల్లో కప్పలు గుడ్లు పెట్టే కాలం, ఇవన్నీ వేర్వేరు. ఎండకాలంలో చూసి "ఉభయచరాలు లేవు" అని రాయడం తేలికే. నివేదికలో తేదీలు, వేళలు, నడిచిన దారి ఉన్నాయా అన్నది మొదట చూడండి.

ప్లాన్లను ఒకదానిపై ఒకటి పెట్టి చూడండి

అనుమతి దరఖాస్తుతో పాటు ఉండే డ్రాయింగులన్నీ అడిగి తీసుకోండి: లేఅవుట్, నేలమట్టాలు, వాననీటి కాలువలు, మురుగు, కరెంటు, నీటి పైపులు, వీధి దీపాలు, మొక్కలు నాటే ప్లాన్, నిర్మాణ సమయంలో లారీల దారి. వీటిని వేర్వేరు మనుషులు, వేర్వేరు నెలల్లో గీస్తారు. అన్నిటినీ ఒకే స్కేలులో ట్రేసింగ్ కాగితం మీదికి ఎక్కించి, మీ చెట్ల వృత్తాలను పైన పెట్టండి. చెట్ల ప్లాన్‌లో భద్రంగా కనిపించే వృత్తంలోంచి మురుగు పైపు పోతుండటం, బఫర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఉండటం అప్పుడు బయటపడతాయి. అభ్యంతరాలన్నిటిలోకీ బలమైనవి ఇవే, ఎందుకంటే వాళ్ల కాగితాలే ఒకదాన్నొకటి ఖండిస్తున్నాయి.

నేలమట్టాల డ్రాయింగు ప్రత్యేకంగా చదవండి. వేళ్ల మీద 15 సెంటీమీటర్ల మట్టి పోసినా చాలా జాతులకు గాలి తగ్గుతుంది. బంకమట్టి అయితే మరీను. మాను మొదట్లో మట్టి పోగైతే బెరడు నాని కుళ్లుతుంది. ప్లాట్లు మెరక చేస్తున్నారంటే అంచులో ఆ మట్టి వాలు ఎక్కడ ముగుస్తుందో కొలిచి చూడండి. మీటరు ఎత్తు మెరకకు రెండు మీటర్ల వాలు కావాలి, ఆ రెండు మీటర్లు తరచూ మీ వైపే పడతాయి.

వాననీటి లెక్క కూడా చేతితో వేయవచ్చు. 1,000 చదరపు మీటర్ల పైకప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 50,000 లీటర్లు. నిర్మాణానికి ముందు ఆ నీటిలో చాలా భాగం అక్కడే ఇంకేది. ఇప్పుడు ఒకే పైపు నోటి నుంచి గంటలో బయటపడుతుంది. ఆ పైపు నోరు అడవివైపు ఉంటే కోత తప్పదు. నీటిని వాళ్ల స్థలంలోనే ఆపి, ఇంకించి, మిగిలినది నెమ్మదిగా వదలాలని అడగండి. వదిలే చోట ఒకే నోరు కాకుండా, సమమట్టంలో పొడవాటి రాతి గట్టు కట్టి దాని మీదుగా పలచగా పొర్లేలా చేయించండి. గట్టు రెండు సెంటీమీటర్లు వంకరగా ఉన్నా నీళ్లన్నీ ఒకే మూల నుంచి దూకుతాయి, కాబట్టి కట్టాక ట్యూబ్ లెవెల్‌తో చూసుకోండి. దానికి భిన్నంగా, అడవిలోని కుంటకు నీరు ఆ స్థలం మీదుగానే వస్తుంటే ఆ దారిని మూయకూడదు.

సెల్లార్ తవ్వకం ఉంటే, పని జరిగినన్నాళ్లూ నీటిని తోడేస్తారు. దానివల్ల చుట్టుపక్కల నీటిమట్టం దిగుతుంది. పరిశీలన గొట్టంలో ఫలానా మట్టం కంటే కిందికి దిగితే తోడటం ఆపాలని అనుమతిలోనే అంకెతో రాయించాలి. మీరు ముందుగా నమోదు చేసిన వాటిలో అతి తక్కువ మట్టమే ఆ అంకెకు ఆధారం.

షరతులు రాసే తీరు

అనుమతి వచ్చేలాగే ఉంటే షరతుల మీద పని చేయండి. "చెట్లకు హాని కలగకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలి" అనే షరతును ఎవరూ ఉల్లంఘించలేరు, ఎందుకంటే అందులో ఉల్లంఘించడానికి ఏమీ లేదు. దాన్ని ఇలా మార్చమని అడగండి: "జతచేసిన ప్లాన్‌లో చూపిన గీత వెంట 2 మీటర్ల ఎత్తు కంచె పూర్తయి, ఫోటోలతో తనిఖీ నివేదిక అందిందని ఈ కార్యాలయం రాతపూర్వకంగా తెలిపేంతవరకు స్థలంలోకి ఏ యంత్రమూ దిగకూడదు." ఇందులో ఎక్కడ, ఏమిటి, ఎంత, ఎప్పటికల్లా, ఎవరు చూస్తారు అన్నీ ఉన్నాయి.

మట్టి పరీక్ష కోసం బోరు వేయడం, పాత షెడ్డు కూల్చడం, పొదలు చదును చేయడం కూడా "పని మొదలవ్వడం" కిందికే వస్తాయని రాయించడం మరవకండి. అంచు చెట్లకు దెబ్బ ఎక్కువగా తగిలేది అసలు నిర్మాణంలో కాదు, అంతకుముందు జేసీబీ వచ్చి రెండు రోజులు "క్లీనింగ్" చేసినప్పుడే.

చెట్లకు నష్టం జరిగితే రాబట్టుకునేలా కట్టేవాళ్ల నుంచి డిపాజిట్ తీసుకోమని అడగండి, దాన్ని కనీసం ఐదేళ్లు పట్టి ఉంచమనండి. వేళ్లు తెగిన చెట్టు మరుసటి నెలలో ఎండదు. నిల్వ ఉన్న బలంతో రెండు మూడేళ్లు పచ్చగానే కనిపించి, తర్వాత తల భాగం నుంచి మొదలుపెట్టి ఎండుతుంది. ఏడాదికే డిపాజిట్ వెనక్కిచ్చే షరతు ఉన్నా లేకపోయినా ఒకటే.

పెద్ద చెట్లను వేర్లతో పెకలించి మరోచోట నాటుతామనే మాటను రక్షణగా లెక్కించకండి. తరలించేటప్పుడు వేళ్లలో అధిక భాగం తెగిపోతుంది. బతికినా ఒక చెట్టు బతుకుతుందేమో గానీ దాని కింది నేల, శిలీంధ్రాలు, పొదలు రావు. వేరేచోట మొక్కలు నాటుతామనే హామీ మాట, ఇక్కడ నష్టం తప్పించడం, తగ్గించడం రెండూ అయిపోయాకే ఎత్తాలి.

పని నడుస్తున్నప్పుడు

కంచె మొదట. రంగు రిబ్బన్, ప్లాస్టిక్ వల పనికిరావు, మొదటి వారంలోనే లారీ వెనక్కి వచ్చి తొక్కేస్తుంది. పరంజా గొట్టాలను గరిష్ఠంగా 3 మీటర్లకొకటి నిలువుగా దింపి, అడ్డ గొట్టాలు, వెనక ఊతాలు బిగించి, వెల్డ్ మెష్ కట్టాలి. గొట్టాలు దింపేచోట ముందు చిన్న గొయ్యి చేత్తో తీసి పెద్ద వేరు లేదని చూసుకోవాలి. ప్రతి 10 మీటర్లకు ఒక బోర్డు: ఇది వేళ్ల రక్షణ స్థలం, లోపల తవ్వకం, సామాను, వాహనం నిషేధం. బోర్డు కూలీలు చదివే భాషలో ఉండాలి, బొమ్మ ఉంటే మరీ మంచిది. తలుపు పెట్టవద్దు. తలుపుంటే లోపల సిమెంటు బస్తాలు చేరతాయి, నీడ ఉంది కదా.

వృత్తం లోపలికి వెళ్లక తప్పని చోట నేలను ముందే కప్పాలి. మనుషులు మాత్రమే నడిచే చోట జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను పోనిచ్చి మట్టిని ఆపే గట్టి గుడ్డ) పరిచి, 10 సెంటీమీటర్ల మందాన చెక్క చిప్స్ పోసి, పైన పరంజా పలకలు. 2 టన్నుల లోపు యంత్రానికి 15 సెంటీమీటర్ల చిప్స్ మీద ఒకదానికొకటి కొక్కెంతో బిగిసే పలకలు. అంతకు మించిన బరువుకు ఇంజనీరు డిజైన్ ఇవ్వాలి, ఊహతో వేయకూడదు. నేల గట్టిపడటంలో చాలా భాగం మొదటి కొద్ది తిరుగుళ్లలోనే జరిగిపోతుంది. అందువల్ల "రెండుసార్లే కదా వెళ్లింది" అన్నది సమాధానం కాదు. తడి నేల మీద ఒక్కసారి వెళ్లినా పొడి నేల మీద ఎన్నోసార్లు వెళ్లినంత చేటు.

తవ్వకంలో వేళ్లు తగిలితే పొక్లెయిన్ బకెట్టుతో లాగనివ్వకండి. అది తెగిన చోటే ఆగదు, మాను దాకా చీలుస్తుంది. చేతి పనిముట్లతో మట్టి తీసి, 25 మిల్లీమీటర్ల లోపు వేళ్లను పదునైన కత్తెరతో నున్నగా కోయవచ్చు. అంతకంటే లావైనవాటిని చెట్ల నిపుణుడు చూడకుండా ముట్టుకోకూడదు. బయటపడిన వేళ్లను తడి గోనెసంచులతో కప్పి, ఆరోజే మట్టి పూడ్చేలా చూడండి. ఎండలో సన్న వేళ్లు గంటల్లోనే చస్తాయి. పైపు తప్పనిసరిగా వృత్తం కిందుగా పోవాలంటే గొయ్యి తవ్వకుండా అడ్డంగా బోరు వేసి తోయించాలి. లోతు కనీసం 60 సెంటీమీటర్లు, మీటరు దాటితే మేలు. బోరు మొదలుపెట్టే గుంత, తేలే గుంత రెండూ వృత్తం బయటే.

సిమెంటు కలిపే చోటు, డీజిల్ డ్రమ్ములు ఏ మానుకైనా 10 మీటర్ల లోపు ఉండకూడదు, వాలుకు ఎగువన అసలే ఉండకూడదు. కాంక్రీటు లారీ కడిగిన నీటి పీహెచ్ 12 దాకా ఉంటుంది, అంటే ఘాటైన క్షారం. దానికి ప్లాస్టిక్ షీటు వేసిన గుంత ఒకటి ప్రత్యేకంగా తీయించండి.

మట్టినీటిని ఆపడానికి కట్టే సిల్ట్ ఫెన్స్ చాలా చోట్ల పనిచేయదు. కారణం ఒకటే: గుడ్డ అడుగును నేలలో పాతరు, నీళ్లు కింద నుంచి పోతాయి. 15 సెంటీమీటర్ల లోతు కాలువ తీసి, గుడ్డను అందులోకి దింపి, ఎగువ వైపుకు మడిచి, మట్టి వేసి దిమ్మిస చేయాలి. కర్రలు గుడ్డకు దిగువ వైపున, 2 మీటర్లకు మించని ఎడంతో. ఫెన్స్ సమమట్టం వెంట పోవాలి, రెండు కొసలూ ఎగువకు వంగి ఉండాలి. 30 మీటర్ల ఫెన్స్‌కు 0.1 హెక్టారుకు మించిన నేల మీది వాననీటిని అప్పగించకండి. పారే వాగుకు, కాలువకు అడ్డంగా అసలు కట్టకండి, మొదటి వానకే కొట్టుకుపోతుంది. మేట ఫెన్స్ ఎత్తులో మూడో వంతుకు చేరగానే తీయించాలి. తీసిన మట్టిని కంచె అవతల, అంటే అడవిలోకి, ఎత్తిపోయడం అలవాటుగా జరిగే మోసం.

బయటి మట్టి, గ్రావెల్ వెంట కలుపు వస్తుంది. వయ్యారిభామ మొక్క ఒక్కటే వేలల్లో విత్తనాలు పెడుతుంది, టైర్ల బురదలో సులువుగా ప్రయాణిస్తుంది. మట్టి ఎక్కడి నుంచి తెస్తున్నారో అడిగి, వీలైతే ఆ గుట్టను వెళ్లి చూడండి. లారీలు లోపలికి వచ్చేముందు చక్రాలు కడిగే ఏర్పాటు ఉండాలి. అంచు వెంట నెలకోసారి నడిచి, పూత రాకముందే పీకేయండి. చేతికి తొడుగులు తప్పనిసరి.

వెలుతురు, గాజు

దీపాల విషయంలో నాలుగు అడగండి: అడవివైపు ముఖంగా ఒక్కటీ ఉండకూడదు, కాంతి పైకి, పక్కకు పోకుండా పూర్తి కప్పు ఉండాలి, రంగు 2,700 కెల్విన్ లేదా అంతకు తక్కువ, అంటే పసుపు వైపు, అర్ధరాత్రి తర్వాత ఆరిపోవాలి లేదా మనిషి కదలికకే వెలగాలి. కట్టాక అమావాస్య రాత్రి, వెలుతురును కొలిచే లక్స్ మీటరుతో అంచున నిలబడి, మీటరును దీపం వైపు నిలువుగా పట్టుకుని కొలవండి. నిండు పున్నమి వెన్నెలే 0.3 లక్స్‌కు మించదు, కాబట్టి 1 లక్స్ కూడా రాత్రి జీవులకు ఎక్కువే. గబ్బిలాల దారి ఉన్న చోట అంతకన్నా బాగా తగ్గించాలి. మేడల లోపలి దీపాలను ఏ షరతూ ఆపలేదు. అందుకే మళ్లీ దూరం, అంచున దట్టమైన పొదలు.

అడవికి ఎదురుగా పెద్ద గాజు గోడలు వస్తే పక్షులు అద్దంలో కనిపించే చెట్లనే నిజమనుకుని గుద్దుకుంటాయి. ఒకటీ అరా డేగ బొమ్మ అంటిస్తే ఫలితం ఉండదు. చుక్కలో గీతలో 5 సెంటీమీటర్లకొకటి చొప్పున, గాజుకు బయటివైపున ఉండాలి. దీన్ని డిజైన్ దశలోనే అడిగితే పెద్ద ఖర్చు కాదు.

జనం దిగాక

ఇళ్ల వీపు అడవికి ఉండేలా లేఅవుట్ వేస్తే పెరటి గోడ మీదుగా చెత్త, గడ్డి కోత, చచ్చిన కుండీ మొక్కలు అవతలికి పడతాయి. ఆ కుండీ మొక్కల్లో కొన్ని వేళ్లూని అడవంతా పాకుతాయి. పెరటి తలుపు ఒకటి, దాని వెంట కాలిబాట ఒకటి పుడతాయి. గోడ కూడా నెమ్మదిగా ముందుకు జరుగుతుంది. ఇళ్ల ముఖం అడవికి ఉండి, మధ్యలో వీధి ఉంటే ఇవన్నీ నలుగురి కళ్ల ముందు చేయాలి, అందుకే తగ్గుతాయి. ఆ వీధి బఫర్ బయటే ఉండాలన్నది చెప్పనక్కర్లేదు. లేఅవుట్ దశలో ఈ ఒక్క మార్పు సాధిస్తే తర్వాత పెట్టే బోర్డులన్నిటికంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇల్లు అంచు చెట్టు పూర్తిగా ఎదిగినప్పటి ఎత్తు కంటే ఎక్కువ దూరంలో ఉందో లేదో చూడండి. 25 మీటర్లు ఎదిగే చెట్టుకు 12 మీటర్లలో ఇల్లు కట్టిస్తే, మొదటి గాలివానకే కొట్టేయమని అర్జీ వస్తుంది, దాన్ని కాదనడమూ కష్టమే. అగ్ని భద్రత కోసం ఖాళీ పట్టీ కావాలన్నా అది వాళ్ల స్థలంలోంచే రావాలి. అడవి పొదలు నరికి ఇవ్వకూడదు.

మనుషులను పూర్తిగా ఆపాలనుకోకండి. ఒక్క మంచి దారి ఇస్తే పది దొంగదారులు తగ్గుతాయి. దారి గూళ్లున్న చోటుకు, చిత్తడికి దూరంగా, మెరక మీదుగా పోవాలి. కొత్త దొంగదారి కనిపించగానే మొదటి 10 మీటర్లలో ముళ్లకంప, అడ్డ దుంగలు వేయండి. బాట గట్టిపడ్డాక మూయడం చాలా కష్టం. కుక్కలకు తాడు ఉండాలన్న నియమం, పిల్లులను రాత్రుళ్లు ఇంట్లోనే ఉంచాలన్న నియమం కాలనీ నియమావళిలోనూ, ఇల్లు అమ్మే కాగితాల్లోనూ ఎక్కేలా చూడండి. ఇంటివాళ్లు చేరాక పెడితే గొడవే.

తర్వాతి ఐదేళ్లు

ఏడాదికి రెండుసార్లు, చిగుళ్ల కాలంలో ఒకసారి, ఆకులు రాలడానికి ముందు ఒకసారి, నంబరున్న ప్రతి చెట్టునూ చూడండి. తల భాగం ఎండటం, ఆకులు చిన్నబోవడం, తోటి చెట్ల కంటే ముందే రాలడం, మాను మీద ఒక్కసారిగా గుంపుగా చిగుళ్లు పుట్టడం, మొదట్లో కుక్కగొడుగులు, ఇవి వేళ్ల దెబ్బకు గుర్తులు. పోలిక కోసం ఎంచుకున్న అవతలి వైపు చెట్లలో ఇవి లేకపోతే మీ వాదన నిలుస్తుంది.

నేల గట్టిపడిందని అనుమానముంటే పెనెట్రోమీటర్‌తో (నేలలోకి గుచ్చి గట్టితనం కొలిచే పనిముట్టు), నేల బాగా తడిసి రెండు రోజులు ఆరాక, కంచెకు ఇరువైపులా కొలవండి. 2 మెగాపాస్కల్స్ దాటితే వేళ్లు చొరబడటం బాగా కష్టమవుతుంది. ఎండిన నేలలో తీస్తే ఎక్కడైనా ఎక్కువే చూపిస్తుంది, ఆ అంకెలకు విలువ లేదు. గట్టిపడ్డ చోట నాగలి, రోటావేటర్ పెట్టకండి, మిగిలిన వేళ్లు కూడా పోతాయి. గాలి ఒత్తిడితో మట్టిని వదులు చేసే పనిముట్టుతో గుల్ల చేసి, 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన ఆకులు, చిప్స్ కప్పండి. మాను చుట్టూ ఒక జానెడు వదిలేయండి.

చెట్టు చచ్చిపోతే వెంటనే తీసేయమనే ఒత్తిడి వస్తుంది. దారి మీదో ఇంటి మీదో పడే ప్రమాదం లేకపోతే నిలబడనివ్వండి. ప్రమాదం ఉంటే ఎత్తు తగ్గించి మోడును ఉంచి, దుంగలను అడవిలోనే వదలండి. తాకకముందు మాత్రం నంబరు బిళ్ల కనబడేలా ఫోటో, తేదీ, చుట్టుకొలత, కంచె గీత నుంచి దూరం, దగ్గర్లో జరిగిన తవ్వకం వివరం రాసి, ఒక ప్రతి అనుమతి ఇచ్చిన కార్యాలయానికి పంపి రసీదు తీసుకోండి. డిపాజిట్ నుంచి నష్టం రాబట్టేటప్పుడు అడిగేది ఆ రసీదే.